ఫిల్టర్ ముక్కుకు ఎవరి కొలత?

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



టీనేజ్ అమ్మాయిలు తమ ఒంటిని చూసుకునే తీరు మీద సోషల్ మీడియా ప్రభావం గురించి మాట్లాడమన్నారు. ఈ అంశం ఎత్తగానే అందరూ 2021 సెప్టెంబర్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టిన ఫేస్‌బుక్ పత్రాల గురించే చెబుతారు. తమ శరీరం గురించి దిగులుపడినప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును ఇంకా పెంచిందని 32 శాతం మంది టీనేజ్ అమ్మాయిలు అన్నట్టు ఆ కంపెనీ పరిశోధకులే రాసుకున్నారు. అక్కడి చర్చ ఎక్కువగా లావు, సన్నం చుట్టూ తిరిగింది. మన దగ్గర కథ ఇంకా పాతది.

మనుస్మృతి మూడో అధ్యాయం తీయండి. ఎలాంటి పిల్లను చేసుకోకూడదు? జుట్టు ఎర్రగా ఉన్నదాన్ని, ఒంటి మీద రోమాలు ఎక్కువున్నదాన్ని, ఎక్కువ మాట్లాడేదాన్ని. ఎలాంటి పిల్లను చేసుకోవాలి? చిన్న పళ్లు, మెత్తని ఒళ్లు, హంసలాంటి నడక ఉన్నదాన్ని. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో తగలబెట్టిన పుస్తకంలో ఇది కూడా ఉంది. అంటరానితనం గురించే దాన్ని కాల్చారని చెప్పుకుంటాం గానీ, పెళ్లిచూపుల కొలతబద్ద కూడా ఆ మంటలోనే పడింది.

తర్వాత బ్రిటిష్ అధికారి రిజ్లీ వచ్చాడు. 1891 నాటికే మనుషుల ముక్కులు కొలిపించి, ముక్కు ఎంత వెడల్పయితే కులం అంత కింద అని సూత్రం చెప్పాడు. బాబాసాహెబ్ 1948లో 'ది అన్‌టచబుల్స్'లో ఆ ముక్కు కొలతలనే తీసుకుని ఎదురు తిప్పారు. బ్రాహ్మణులు, అంటరానివారు వేరు వేరు జాతులు కారని ఆ లెక్కలతోనే వాదించారు. కులానికి రంగు లేదు, ముక్కు లేదు. మీ మీ ఇళ్లల్లోనే చూసుకోండి, ఒకే తల్లి పిల్లల్లో ఎన్ని రంగులున్నాయో. అయినా క్లాసులో ఒకమ్మాయితో "నువ్వు ఎస్సీలా కనిపించవే" అంటారు. అదీ పొగడ్త అనుకుని అంటారు.

ఇప్పుడు ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ వేసి చూడండి. చాలా ఫిల్టర్లు చేసే పని ఒక్కటే. రంగు తేలుస్తాయి, ముక్కు సన్నం చేస్తాయి. 2017లో ఫేస్‌యాప్ 'హాట్' అనే ఫిల్టర్ పెడితే అది చర్మాన్ని తెల్లగా మార్చేసింది. గొడవయ్యాక కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పి, మెషీన్‌కు నేర్పిన ఫోటోల్లోనే పక్షపాతం ఉందన్నాడు. రిజ్లీని చదివి ఫిల్టర్ రాసిన ఇంజినీర్ ఎవరూ ఉండరు. చదవక్కర్లేదు కూడా.

ముఖంతో కూడా ఆగలేదు. 2020 మార్చిలో ది ఇంటర్‌సెప్ట్ బయటపెట్టిన టిక్‌టాక్ నిబంధనల్లో, అందంగా లేని ముఖాలున్న వీడియోలతో పాటు పగుళ్లు పట్టిన గోడలు, మురికివాడలు వెనక కనిపించే వీడియోలను కూడా ఎక్కువమందికి చూపించవద్దని ఉంది. వాటిలో చాలావరకు ఇప్పుడు అమల్లో లేవని కంపెనీ అంది. ఆ పగుళ్ల గోడ ఎవరి ఇంట్లో ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. 1975 నుంచి అమ్మిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో 'గ్లో అండ్ లవ్లీ' అయింది. పేరు మారిందంతే.

నేను అప్పుడప్పుడు ఒక అమ్మాయిల హాస్టల్‌కు వెళ్లి పాఠాలు చెబుతాను. అక్కడ ఇంటర్ చదివే పిల్ల ఒకతె అడిగింది: "మేడమ్, మహాడ్‌లో బాబాసాహెబే కదా ఆడవాళ్లను చీరకట్టు మార్చుకోమన్నది? మరి నేను ఫిల్టర్ వేసుకుంటే తప్పేంటి?"

ఇంత మంచి ప్రశ్న నాకు సెమినార్లలో కూడా ఎదురు కాలేదు. నిజమే, ఆయన అన్నారు. ఆ కట్టు, ఆ బరువైన నగలు చూసి మీరు అంటరానివాళ్లని గుర్తుపడుతున్నారు, వదిలేయండి అన్నారు. ఆడపిల్లల్ని చదివించండి అని కూడా అన్నారు. నేను ఆ పిల్లకు చెప్పింది ఇది. ఆ గుర్తు ఊరు తగిలించింది, తీసేస్తే పోతుంది. తీసేశాక ఆ అమ్మ అమ్మలాగే ఉంటుంది. ఫిల్టర్ అలా కాదు, నీ చర్మమే గుర్తు అంటుంది. పైగా అక్కడ ఆడవాళ్లంతా కలిసి, సభలో ఆ మాట విన్నారు. నువ్వు రాత్రి దుప్పటి కింద ఒక్కదానివే ముక్కు సన్నం చేసుకుంటున్నావు. ఆమె నవ్వి, "అయితే అందరం కలిసి తీసేద్దామా?" అంది. ఫిల్టర్ వద్దని నేను ఆజ్ఞ వేయలేదు.

ఫోన్ లాక్కోవడం దీనికి మందు కాదని గట్టిగా నమ్ముతాను. మన ఇళ్లల్లో ఫోన్ పోయాక తర్వాత పోయేది చదువే. 2023 డేటా రక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ 18 ఏళ్ల లోపు పిల్లలను వెంటాడే ప్రకటనలను నిషేధిస్తుంది, అది కావలసిందే. కానీ అదే సెక్షన్ తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. చాలా ఇళ్లల్లో ఆ అనుమతి అన్న చేతిలో ఉంటుంది. ఆ ఫోన్‌లోనే స్కాలర్‌షిప్ నోటిఫికేషన్ వస్తుంది, ఏప్రిల్ 14 పాటలు కూడా వస్తాయి.

మీలో సైకాలజీ, సోషల్ వర్క్ పరిశోధకులున్నారు. మీరు పట్టుకెళ్లే ప్రశ్నాపత్రాలు బరువు గురించి, నడుము గురించి అడుగుతాయి. "నీ కులం తెలియకూడదని ఎప్పుడైనా ఫోటో మార్చావా?" అని కూడా అడగండి. ఇంటి గోడ కనపడకుండా కెమెరా ఎటు తిప్పుతావో అడగండి. హాస్టల్‌కు వెళ్లేటప్పుడు నాకూ చెప్పండి, ఆ పిల్లను మీకు పరిచయం చేస్తాను. జై భీమ్.