ముందు ఆగాలి, తర్వాతే స్టార్ట్ అవ్వాలి: తాతయ్య అంబాసిడర్ అసలు కథ



ఈ ఎపిసోడ్‌లో మ్యూజిక్ లేదు, డ్రోన్ షాట్లు లేవు. కూర్చుని మాట్లాడతానంతే. ఎందుకంటే ఇవాళ ఒక తప్పు ఒప్పుకోవాలి.

మూడు నెలల క్రితం మా తాతయ్య అంబాసిడర్ స్టార్ట్ అయిన వీడియో పెట్టాను, గుర్తుందా? 16 ఏళ్లు షెడ్‌లో పడున్న బండి, ఒక్క సెల్ఫ్‌కి దగ్గి, రెండో సెల్ఫ్‌కి అందుకుంది. నాన్న కళ్లు తుడుచుకున్నారు. అక్కడ వీడియో కట్ చేశాను. మన ఛానల్‌లో ఎక్కువ మంది చూసిన వీడియో అదే. "బ్రో, మా షెడ్‌లో కూడా ఒక బండి ఉంది, ఈ సండే స్టార్ట్ చేస్తున్నా" అని చాలామంది మెసేజ్ పెట్టారు.

వాళ్ల కోసమే ఈ ఎపిసోడ్. కట్ చేసిన తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను. ముందు బండి గురించి కొంచెం.

ఇది 1984 మోడల్, అంబాసిడర్ మార్క్ 4. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసింది. ఒరిజినల్‌గా దీంట్లో వచ్చింది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, బ్రిటిష్ బీఎంసీ డిజైన్. స్టీరింగ్ పక్కన గేర్ రాడ్డు ఉంటుంది చూడండి, అదే టైపు.

నేను ఏం చేశానంటే, బండి ముట్టుకోకముందే ఆన్‌లైన్‌లో సామాన్లు ఆర్డర్ పెట్టేశా. గాస్కెట్ సెట్టు, ప్లగ్గులు, కార్బొరేటర్ కిట్టు, అన్నీ 1489 సీసీకి. పాత అంబాసిడర్‌కి హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే రాడ్డు ఉండేది కదా, అది కూడా అటక మీద నుంచి దింపాను. ముందు బంపర్‌లో ఉన్న కన్నంలోంచి దూర్చాను. లోపల అది పట్టుకోడానికి ఏమీ లేదు! అరగంట తిప్పీ తిప్పీ, "నాన్నా, ఈ రాడ్డు మన బండిది కాదా?" అని అడిగాను.

నాన్న నవ్వారు. "రాడ్డు మన బండిదేరా. ఇంజనే మన బండిది కాదు" అన్నారు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. 2005లో నాకు ఎనిమిదేళ్లు. నానమ్మకి గుండెలో నొప్పి వస్తే రాత్రిపూట తాతయ్య ఇదే బండిలో గుంటూరు బయల్దేరారు. వెనక సీట్లో నానమ్మ తల అమ్మ ఒడిలో, నేను కింద. దారిలో ఇంజన్ వేడెక్కి పట్టేసింది. అటుగా వెళ్తున్న మిర్చి లారీ ఆపి, అందులో ఎక్కించుకుని వెళ్లాం. నానమ్మ బతికింది. కానీ తాతయ్య ఆ రాత్రిని మర్చిపోలేదు. బండిని విజయవాడ ఆటోనగర్‌కి లాక్కెళ్లి, "ఇంకెప్పుడూ దారిలో ఆగని ఇంజన్ ఏదుంటే అది వెయ్యి" అన్నారట. మేస్త్రీ వేసింది కాంటెస్సా ఇంజన్. 1817 సీసీ, జపాన్ ఇసుజు డిజైన్. దాంతోపాటు వచ్చిన 5 గేర్ల గేర్‌బాక్స్ కూడా. గేర్ రాడ్డు స్టీరింగ్ పక్క నుంచి కిందకి దిగింది.

ఆ రోజుల్లో ఇదేం వింత కాదు ఫ్రెండ్స్. 90ల్లో కంపెనీయే ఇసుజు ఇంజన్‌తో అంబాసిడర్ తెచ్చింది. కాంటెస్సాలు స్క్రాప్‌కి వెళ్తుంటే వాటి ఇంజన్లు పాత అంబాసిడర్లలోకి చేరాయి. పాత ఇంజన్‌కి ఉన్నది దాదాపు 50 హార్స్‌పవర్. ఇది కాంటెస్సాలో ఇచ్చింది 85 పైనే. లెక్క చూడండి.

సో, ఇంజన్ మార్చిన బండి మీ చేతికొస్తే మొదటి పని: దాంట్లో ఏముందో కనుక్కోవడం. నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను కదా, ఇది డాక్యుమెంటేషన్ లేకుండా చేతికొచ్చిన పాత కోడ్ లాంటిది. రాసినోడు లేడు, ఎక్కడ ఏది మార్చాడో తెలీదు. బండి మాన్యువల్ ఒకటి చెప్తుంది, బానెట్ కింద ఇంకొకటి ఉంటుంది. ఇంజన్ బ్లాక్ మీద నంబర్ తుడిచి ఫొటో తీయండి. గేర్‌బాక్స్, రేడియేటర్, కార్బొరేటర్, క్లచ్ ఒక్కొక్కటీ ఏ బండిదో రాసుకోండి. నేను అలా రాసిన లిస్టులో మూడు బండ్ల సామాన్లు తేలాయి.

బ్రేకుల దగ్గర మాత్రం "ఒరిజినల్, 1984" అని రాశాను. రాసి, పక్క లైన్‌కి వెళ్లిపోయాను. అసలు తప్పు అక్కడ జరిగింది.

నిజం చెప్పాలంటే ఇంజన్ విషయంలో జాగ్రత్తగానే ఉన్నాను. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేశా. తర్వాత ముందు పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పా. బలవంతం చేయకూడదు, బిగుసుకున్నచోట తిప్పితే రింగులు విరుగుతాయి. తిరిగింది. ఈ ఇంజన్‌లో క్యామ్ షాఫ్ట్ పైన హెడ్‌లో ఉంటుంది, ఆయిల్ అక్కడికి చేరేది చివర్న. 16 ఏళ్లుగా ఎండిపోయి ఉంది. అందుకే పైకప్పు తీసి క్యామ్ మీద ఆయిల్ పోశాం. పాత ఆయిల్ తీసి కొత్తది నింపి, ప్లగ్గులు పెట్టకుండానే, కాయిల్ వైరు పీకి సెల్ఫ్ కొట్టాం, ఆయిల్ ప్రెషర్ లైట్ ఆరేదాకా.

ట్యాంకులో పెట్రోల్ చూస్తే బెల్లం పాకంలా ఉంది. వాసన వార్నిష్‌ది. ఆ ట్యాంకు జోలికి పోకుండా చిన్న క్యానులో కొత్త పెట్రోల్ పోసి పంపుకి పైపు ఇచ్చాం. పాత రబ్బరు పైపులు అన్నీ పీకేశాం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఆ కాలం రబ్బరు దాన్ని తట్టుకోదు, మెత్తబడి పగుళ్లిస్తుంది. వేడి ఇంజన్ మీద పెట్రోల్ చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వైరింగ్‌లో ఎలకలు కాపురం పెట్టాయి, దాన్ని వేరే ఎపిసోడ్‌లో చూద్దాం.

ఇంత చేశాక స్టార్ట్ అయింది. కెమెరా ఆపాను. ఇప్పుడు మీరు చూడనిది.

అందరూ ఊపులో ఉన్నాం. షెడ్ బయటకు తెద్దామన్నాను. పెడల్ రెండుసార్లు నొక్కి చూశా, గట్టిగానే ఉంది. ఫస్ట్ గేర్ వేశాను. నాన్న బండి ముందు నిలబడి వెనక్కి నడుస్తూ "రా... రా... నిదానంగా రా" అంటున్నారు. మా షెడ్ ముందు నేల కొంచెం పల్లం, చివర పంట కాలువ. బండి పల్లంలోకి దిగింది. క్లచ్ నొక్కి బ్రేక్ వేశా.

పెడల్ నేలకి తగిలింది. మళ్లీ కొట్టా, ఏమీ లేదు. హ్యాండ్ బ్రేక్ లాగా, కేబుల్ తుప్పు పట్టి కదల్లేదు. నాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆయనకి తెలీదు కదా.

చేయి దానంతటదే కీ తిప్పేసింది. క్లచ్ వదిలేశా. గేర్‌లో ఉంది కాబట్టి ఆగిపోయిన ఇంజనే బండిని పట్టుకుంది. ఒక్క కుదుపుతో ఆగింది. నాన్న మోకాళ్లకీ బంపర్‌కీ మధ్య నా మూరెడు ఉందేమో.

ఆయన ఏమీ అనలేదు. బానెట్ మీద చేయి వేసి కాసేపు అలాగే నిలబడ్డారు. "మీ తాత ఆగకూడదని వేయించాడ్రా ఈ ఇంజన్" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

(కొద్దిసేపు మౌనం)

మర్నాడు ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాను. నలభై ఏళ్లుగా అంబాసిడర్లే చేస్తున్నారు. బాబాయ్ అని పిలుస్తాను. చక్రం ఊడదీసి డ్రమ్ము తీయగానే లోపలంతా తడి. "ఇదిగో అబ్బాయ్, ఇదీ నీ బ్రేకు" అన్నారు.

జరిగింది ఏంటంటే, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే వీల్ సిలిండర్ లోపల తుప్పు పడుతుంది. అందులోని రబ్బరు కప్పులు గట్టిపడి అంటుకుపోతాయి. మొదటి ఒకట్రెండు నొక్కులకి నిలబడతాయి, ఆ తుప్పు మీద రాసుకోగానే చిరిగిపోతాయి. అందుకే నేను పరీక్షించినప్పుడు పెడల్ గట్టిగా అనిపించింది. పైగా మా బండిలో నాలుగు చక్రాలకీ ఒకటే లైను. ఒక్కచోట లీకైతే నాలుగూ పోయినట్టే.

బాబాయ్ ఇంకో మాట కూడా అన్నారు. "ఇంజన్ వేసినోడు పరిగెత్తడం చూశాడు, ఆగడం చూడలేదు." 50 హార్స్‌పవర్ కోసం చేసిన డ్రమ్ములే 85 హార్స్‌పవర్‌ని ఆపుతున్నాయి. తర్వాత వచ్చిన అంబాసిడర్ గ్రాండ్‌లో కంపెనీ ముందు చక్రాలకి డిస్కులు ఇచ్చింది. మనకీ అదే దారి.

ప్రస్తుతానికి వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, హోస్ పైపులు, ఇనప పైపులు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ అన్నీ కొత్తవి పడ్డాయి. ఎయిర్ తీసి, బండిని స్టాండ్ల మీద పెట్టి, ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు ప్రతి చక్రం దగ్గరా లీకు చూశాం. ఒక రాత్రంతా వదిలేసి పొద్దున్నే మళ్లీ చూశాం. తర్వాతే బండి నేల మీదకి దిగింది. టైర్లు కూడా మార్చాం. అరిగినట్టు కనపడకపోయినా పదహారేళ్ల రబ్బరుని నమ్మకూడదు.

ఇక కాగితాలు. ఇది కూడా చాలామంది అడిగారు. మా ఆర్‌సీ 2009తో అయిపోయింది. అందులో ఉన్నది పాత ఇంజన్ నంబర్. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. తాతయ్య ఆ పని చేయలేదు. "వింటేజ్ కింద చేయించు బ్రో" అన్నారు కొందరు. 2021లో వచ్చిన ఆ రూల్‌కి బండి 50 ఏళ్లు దాటాలి, ఒరిజినల్‌గానే ఉండాలి. మనది రెండిట్లోనూ ఫెయిల్. కాబట్టి ఇంజన్ మార్పు, రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఇన్సూరెన్స్ అన్నీ మామూలు దారిలోనే. అవి అయ్యేదాకా బండి మా గేటు దాటదు. వ్యూస్ కోసం కూడా దాటదు.

పాత వీడియో తీసేద్దామనుకున్నాను. నాన్న వద్దన్నారు. "తీసేస్తే ఏం తెలుస్తుంది, మిగతాది కూడా చెప్పు" అన్నారు. అందుకే ఈ ఎపిసోడ్. ఆ వీడియో కింద ఇదే మొదటి లింకుగా పెడుతున్నాను.

మీ షెడ్‌లో బండి ఉంటే, ఈ సండే సెల్ఫ్ కొట్టకండి. ఒక్క చక్రం ఊడదీసి డ్రమ్ము లోపల చూడండి. అది మొదటి రోజు పని. పెట్రోల్ లైను రెండో రోజు. ఇంజన్ సౌండ్ ఆఖరి రోజు. బండి ముందు మాత్రం ఎవర్నీ నిలబెట్టకండి.

నిన్న సాయంత్రం నాన్న మా ఆవరణలోనే ఒక రౌండ్ వేశారు. పల్లం దగ్గర కావాలని బ్రేక్ వేసి ఆపారు. దిగి, నానమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి ఇంకో రౌండ్ వేశారు. నానమ్మకి ఇప్పుడు 81. దిగుతూ ఒకటే అడిగింది: "ఈసారి ఆగిందేంట్రా?"

"ఆపాను కాబట్టి ఆగిందమ్మా" అన్నారు నాన్న.

మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్. జాగ్రత్త.