మెతుకు పట్టి చూచుట



అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండంతయు తినిచూడ నక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. రాజ్యమునందలి ప్రజల మనస్సు నెరుగుటకును ఈ న్యాయమే వర్తించునా?

పూర్వకాలపు రాజనీతి పండితులు గ్రంథములనే యాశ్రయించిరి. గ్రీసు దేశపు అరిస్టాటిలు 158 రాజ్యాంగములను సేకరింపించెనని ప్రసిద్ధి. ఓటరునే స్వయముగా ప్రశ్నించు పద్ధతి చాలకాలమునకు గాని బలపడలేదు. 1923లో అమెరికాలోని చికాగో నగరమున మేయరు ఎన్నిక జరుగగా, మెరియం, గాస్నెల్ అను ఆచార్యులు ఓటు వేయని సుమారు 6,000 మందిని విచారింపజేసిరి. రోగముచేత కొందరు, ఉదాసీనతచేత కొందరు, స్త్రీలకు ఓటేల యను తలంపుచేత కొందరు మానిరని తేలినది. ఈ సంగతి యే శాసనగ్రంథమునను దొరకదు.

అయితే ఎవరి నడుగవలెను? 1936లో అమెరికా అధ్యక్షుని యెన్నికకు ముందు 'లిటరరీ డైజెస్ట్' అను పత్రిక సుమారు కోటి కార్డులు పంపెను. ఇరువది లక్షలకు మించి ప్రత్యుత్తరములు వచ్చినవి. లాండన్ గెలుచునని పత్రిక చాటెను. కాని రూజ్‌వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను! కారణమేమి? ఆ పేర్లు చాలవరకు టెలిఫోనులు, మోటారుబండ్లు గలవారి పట్టీలనుండి తీసినవి. పేదవాని మాట అందు తక్కువ. పైగా, ప్రత్యుత్తరము వ్రాయనివారి మనస్సు తెలియనేలేదు. గాలప్ అను నతడు అంతకంటె ఎన్నోరెట్లు తక్కువమందిని, అన్ని తరగతులనుండియు ఏరి యడిగించి, విజేతను సరిగా చెప్పెను.

కావున కుండను కలియబెట్టక పైమెతుకు పట్టినచో అడుగు సంగతి తెలియదు. రచ్చబండయొద్దను ఇంతే. అచ్చటికి వచ్చి పలికినవారి మాటనే ఊరిమాట యనుకొందుము. పొలమున నున్న కూలివానిని, ఇంటిలోనున్న యిల్లాలిని అడిగితిమా? పెద్దలు ఆలోచింతురు గాక.