పాత ఎస్‌యూవీలో డ్రైవ్ బెల్టు

వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటి, రాజస్థాన్ వైపు నుంచి ధూళిగాలులు వీచే ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడా ప్రాంతాలలో, పాత ఎస్‌యూవీలు నడిపేవారు తరచుగా ఉపేక్షించే భాగం డ్రైవ్ బెల్టు. ఇంజనులోని క్రాంక్‌షాఫ్టు నుంచి ఆల్టర్నేటరుకు, ఏసీ కంప్రెసరుకు, అనేక మోడళ్లలో నీటి పంపుకు, స్టీరింగు పంపుకు శక్తిని అందించే గాడుల రబ్బరు పట్టీ ఇది. ఇది తెగితే బ్యాటరీ దీపం వెలుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, నీటి పంపు దీనిపైనే ఆధారపడిన ఇంజను కొద్ది నిమిషాలలోనే మితిమీరి వేడెక్కుతుంది.

పూర్వపు నియోప్రీన్ బెల్టులు పగుళ్లతో తమ వయసు చెప్పేవి గాని, ఇప్పుడు వాడుకలో ఉన్న ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బెల్టులు పగలకుండానే టైరులాగా అరిగిపోతాయి కనుక, పైకి చూసి బాగున్నదనడం చాలదు, గాడుల లోతును గేజీతో కొలవడమే సరైన పద్ధతి. ఏసీ వేయగానే కీచుమని శబ్దం వస్తే, చేతులూ దుస్తులూ దూరంగా ఉంచి, తిరుగుతున్న బెల్టు గాడులపై కొద్దిగా నీరు చిలకరించాలి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే వరుసలో లేవని, పెరిగితే బిగువు తగ్గిందని గ్రహించవచ్చు. జిగురు స్ప్రే ఈ రెంటికీ మందు కాదు.

మార్చేటప్పుడు ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ తీసి, బెల్టు చుట్టిన దారిని ఫొటో తీసుకుని, బిగువును నిలిపే స్ప్రింగు పరికరమైన టెన్షనరును స్పానరుతో తిప్పి పాతదాన్ని విడిపించాలి. అప్పుడే ప్రతి పుల్లీని చేతితో తిప్పి చూడాలి; గరగరమన్నా, ఊగినా దాని బేరింగు అరిగినట్టే, అలాంటి పుల్లీపై కొత్త బెల్టు ఎక్కువకాలం నిలవదు. ఢిల్లీలోని కశ్మీరీ గేటు విడిభాగాల బజారులో కొనేవారు వాహనం పేరుకన్నా పాత బెల్టుపై ముద్రించిన సంఖ్యనే చూపడం మేలు.