రిజిస్టరులో ఒక గడి
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



“మునిసిపాలిటీలలో, పంచాయతీలలో మనవారికి సమాన న్యాయం” అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శి గారు మమ్మల్ని ఆదేశించినారు. మేము ఉర్దూ మీడియం బడిపంతులం. రాజకీయం మా పని కాదు. రిజిస్టర్లు రాయడం మాత్రం మా పనే. ఇంత పెద్ద విషయమూ చివరకు ఒక రిజిస్టరులోని ఒక గడి దగ్గరకు వచ్చి ఆగుతుందని మాకు తెలిసింది. అదీ మా తప్పు వల్లనే తెలిసింది. కనుక ముందు ఆ తప్పు ఒప్పుకొని, తరువాత మిగతా సంగతి మనవి చేస్తాము.

2020 మార్చిలో మునిసిపల్ ఎన్నికలు వచ్చినాయి. ఒక వార్డు బి.సి. మహిళకు రిజర్వు అయింది. ఆ వార్డులో మిర్చి యార్డు హమాలీ కూతురు ఒకామె ఉన్నది. చదువు పదో తరగతితో ఆగినా, ఆ వీధిలో ఎవరికి పింఛను అర్జీ కావలసినా, రేషన్ కార్డులో పేరు సరిచేయాలన్నా ఆమే రాసిపెట్టేది. అందరూ కలిసి ఆమెను నిలబెడదామన్నారు. నామినేషన్లకు గడువు మూడు రోజులే. కుల ధ్రువీకరణ పత్రం కోసం వెళితే, “ఇందులో కులం గడిలో ముస్లిం అని ఉంది. అది మతం కదమ్మా, కులం ఏది?” అన్నారు. ఆమె షేక్. పేరు ముందు షేక్ అని రాసి ఉంది గాని, కులం గడిలో లేదు. విచారణ జరగాలి, సాక్షులు రావాలి. అంతలో గడువు దాటిపోయింది.

2003లో ఆమెను ఆరో తరగతిలో చేర్చుకొని ఆ గడి నింపింది మేమే. ఆమె టి.సి. తెచ్చి మా ముందు పెట్టి, “సార్, ఈ అక్షరాలు మీవే కదా” అన్నది. కోపంగా అనలేదు. అందుకే మాకు ఇంకా కష్టం కలిగింది.

ఎందుకు అట్లా రాశామంటే, మా ఉర్దూ రిజిస్టరులో ఆ గడి పైన ‘ఖౌమ్’ అని ఉంటుంది. ఖౌమ్ ఏది అంటే ముసల్మాన్ అని కాక ఇంకేమి రాస్తాము? పైగా ఇస్లాంలో కులం లేదు గదా అనే గర్వం కూడా కొంత ఉండేది, దాచడమెందుకు. ఉద్యోగంలో చేరిన కొత్త. ముందటి పంతుళ్ళు రాసినట్లే మేమూ రాసినాము. ఆనాడు షేక్ అని రాసినా ఒరిగేది ఏమీ లేదు, బి.సి. జాబితాలో ఆ పేరే లేదు. తరువాత జాబితా మారింది, మా రిజిస్టరు మారలేదు.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. కరోనా వచ్చి ఆ మార్చి 15న ఎన్నికలు ఆపినారు గదా. కొన్ని నెలలకు ఆమెకు పత్రం చేతికి వచ్చింది. ఇక ఫరవాలేదనుకున్నాము. తీరా 2021లో ఆగిన చోటునుంచే ఎన్నికలు మొదలుపెట్టి మార్చి 10న పోలింగు జరిపినారు. కొత్తగా నామినేషన్ వేసే వీలు లేకపోయింది. పత్రం ఇంట్లో ఉండిపోయింది.

ఇప్పుడు కొంచెం వెనక్కు పోవాలి. మన గుంటూరు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో కమ్యూనల్ జి.ఓ. అని ఒకటి ఉండేది. 1927 నుంచి అమలైన లెక్క ప్రకారం ప్రభుత్వోద్యోగాలు పన్నెండు భర్తీ చేస్తే అందులో రెండు ముస్లింలకు. 1951లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదన్నది. తరువాత 1970 నాటి బి.సి. జాబితాలో మనలో దూదేకుల వారికి, అనగా నూర్‌బాషాలకు, బి గ్రూపులోను, మెహతర్లకు ఎ గ్రూపులోను చోటు దొరికింది. తక్కినవారు ఏ జాబితాలోనూ లేరు. 2004లో ఇచ్చిన అయిదు శాతం కోర్టులో నిలవలేదు, 2005లో ఇచ్చిందీ నిలవలేదు. పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక మీద 2007లో నాలుగు శాతం చట్టం వచ్చింది. షేక్, ఖురేషీ, హజాం, ధోబీ, ఫకీరు, అత్తరు సాయిబులు మొదలైనవారితో ఇ గ్రూపు ఏర్పడింది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు అందులో లేరు. ఆ చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది.

ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. ఆ నాలుగు శాతం కౌన్సిలు సీట్లలోనూ ఉన్నదనుకుంటారు. లేదు. అది చదువుకు, ఉద్యోగానికి. మునిసిపాలిటీ, పంచాయతీ సీట్లలో ఎ, బి, సి, డి, ఇ అని వాటాలు విడదీయలేదు. బి.సి. సీటు అంటే బి.సి.లందరికీ ఉమ్మడి సీటు. పత్రం ఉన్నవాడు పోటీ చేయవచ్చు, లేనివాడు బయట నిలబడవలసిందే. ఆ ఉమ్మడి వాటా కూడా తగ్గింది. 34 శాతం ఉన్నది, మొత్తం రిజర్వేషన్లు సగానికి మించరాదని 2020 మార్చిలో హైకోర్టు చెప్పగా 24 శాతానికి వచ్చింది. సీట్లు తగ్గిన చోట పత్రం విలువ పెరుగుతుంది గాని తరుగుతుందా?

“మనవాళ్ళు గెలవడం లేదా పంతులు గారూ” అంటారు. గెలిచినారు. 1991లో గుంటూరు పార్లమెంటు జనరల్ స్థానం నుంచి లాల్‌జాన్ బాషా గారు గెలిచినారు. గుంటూరు తూర్పు నుంచి 2009లో మస్తాన్ వలీ గారు, 2014లో, 2019లో ముస్తఫా గారు, 2024లో నసీర్ అహ్మద్ గారు శాసనసభకు వెళ్ళినారు. సంతోషమే. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లాలో నూటికి పదకొండు మందికి పైగా మనవారే. కాని మన వీధి కుళాయికి నీళ్ళు ఏ వేళకు వదలాలి, మురుగు కాలువ ఎటు తిప్పాలి, ఖబరస్తాన్ దారిలో దీపం ఎప్పుడు వెలగాలి అనేది కౌన్సిలులోనూ పంచాయతీలోనూ తేలుతుంది. అక్కడ మన గొంతు వినబడాలి.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో నల్లవారికి ఓటు హక్కు 1870లోనే రాజ్యాంగంలో రాసినారు. దక్షిణాది రాష్ట్రాలలో మాత్రం పేరు నమోదు చేసే బల్ల దగ్గర చదువు పరీక్షలనీ, పన్ను రశీదులనీ పెట్టి తిప్పి పంపించినారు. 1965లో వేరే చట్టం తెస్తే గాని ఆ బల్ల దగ్గర దారి ఇవ్వలేదు. చట్టం ఢిల్లీలో ఉంటుంది, బల్ల మాత్రం మన ఊళ్ళో ఉంటుంది.

ఒక మాట పెద్దలకు కష్టం కలిగినా చెప్పాలి. సమానత్వం మనకు కావాలని అడుగుతున్నాము గదా, మనలో మనం ఎంత ఇస్తున్నాము? ఈ పత్తి నేలలో దూది ఏకి మన పరుపులు, దిండ్లు నింపింది నూర్‌బాషా సోదరులు. వారింట్లో తెలుగు మాట్లాడతారని, వారు మనవారు కానట్లు వెక్కిరించేవారిని మేము పెళ్ళి పందిళ్ళలో చూచినాము. పట్టణం మురికి ఎత్తిన మెహతర్ సోదరులను జమాత్ కమిటీలో ఎప్పుడైనా కూర్చోబెట్టినామా? మస్జిదులో సఫ్ ఒకటే. కమిటీ కుర్చీలు మాత్రం వేరు. మునిసిపాలిటీ వారిని అడిగే ముందు ఈ ప్రశ్న మాకు మేము వేసుకున్నాము, జవాబు బాగులేదు.

ఇక స్త్రీల సంగతి. స్థానిక సంస్థలలో సగం స్థానాలు వారివి. ఇద్దరు పిల్లల నిబంధన కూడా 2024లో తొలగిపోయింది గనుక, ఆ సాకూ లేదు. అయినా గ్రామసభ ఎప్పుడు పెడతారు? పగలు పదకొండు గంటలకు. మాఘ, ఫాల్గుణాలలో ఆ వేళకు మన ఆడవాళ్ళు మిరప చేలల్లో కాయ కోస్తుంటారు, లేకపోతే నీడన కూర్చుని తొడిమలు తీస్తుంటారు. కూలి వదులుకొని సభకు రమ్మంటే ఎవరు వస్తారు? మిరప కోతల నెలల్లో సభను సాయంత్రం పెట్టమని అర్జీ ఇవ్వవచ్చు. ఖర్చు లేని పని. గ్రామసభ ఏడాదికి రెండుసార్లయినా జరగాలని చట్టం. మన వీధి నుంచి ఒకరు కూడా పోని సభలో మన కాలువ పని ఎందుకు రాస్తారు?

గెలిచిన చెల్లెళ్ళ బదులు భర్తలు కుర్చీలో కూర్చోవడం గురించి మాట్లాడితే మాకు వేళ చాలదు. ఆ భర్తలు కొందరు ఈ సభలోనే ఉన్నారు, వారికి అర్థమైంది.

మేము చేసిన పని ఒకటి చెప్పి ముగిస్తాము. మేమూ, తోటి ఉర్దూ ఉపాధ్యాయులు కొందరూ కలిసి పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తున్నాము. కులం గడిలో ముస్లిం అని ఉన్న పేర్లు వేరే నోటుబుక్కులోకి ఎత్తుతున్నాము. రిజిస్టరు దిద్దే అధికారం మాకు లేదు, దిద్దకూడదు కూడా. అయితే ఎవరి పత్రానికి అడ్డం వస్తుందో ముందే తెలిస్తే, ఎన్నికల ప్రకటన రాకముందే, కాలేజీ సీటు వేళ దాటకముందే తహసీలుదారు కార్యాలయంలో విచారణ జరిపించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి పల్నాడు, బాపట్ల ఏర్పడినాయి గనుక, చీరాల వైపు వారు, నరసరావుపేట వైపు వారు ఏ కార్యాలయానికి పోవాలో కూడా రాసిపెట్టినాము.

వచ్చే ఆదివారం జొహర్ నమాజు తరువాత సంఘ కార్యాలయంలో బల్ల వేస్తున్నాము. టి.సి., రేషన్ కార్డు, ఆధార్, తండ్రి పేర గాని అన్నదమ్ముల పేర గాని ఇదివరకు ఇచ్చిన కుల పత్రం ఏదైనా ఉంటే అదీ తీసుకొని రండి. సయ్యద్, పఠాన్ సోదరులు కూడా రండి, అర్జీలు రాసేవాళ్ళు కావాలి. మేము చెప్పిన ఆ చెల్లెలు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకుంటుంది. జిరాక్సుల ఖర్చు సంఘానిది.