లేని తాడుతో ఆట

కళల్లో ఇంటర్న్‌షిప్ చేస్తే బతుకుతెరువు దొరుకుతుందా అని అడిగే తల్లిదండ్రులకు నేను అమెరికా నాటక శిక్షకురాలు వయోలా స్పోలిన్ గురించి చెబుతుంటాను.

షికాగోలో వలస కార్మికులుండే పేటలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ కలిసి 1889లో హల్ హౌస్ అనే సేవాకేంద్రం తెరిచారు. అక్కడ సంగీతం, చిత్రకళ, నాటకం కూడా సేవలో భాగమే. స్పోలిన్ 1924లో ఆ కేంద్రంలో శిక్షణకు చేరారు. ఆటలు, జానపద నృత్యాలు, కథల ద్వారా జనంతో ఎలా మెలగాలో గురువు నీవా బాయిడ్ దగ్గర నేర్చుకున్నారు.

1939లో ప్రభుత్వ ఉపాధి పథకంలో నాటక పర్యవేక్షకురాలైనప్పుడు ఆ శిక్షణే అక్కరకొచ్చింది. రకరకాల భాషల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు డైలాగులు బట్టీ పట్టిస్తే ఏం లాభం? అందుకే ఆటలు తయారుచేశారు. వాటిలో ఒకటి, లేని తాడుతో టగ్ ఆఫ్ వార్. ఇటువాళ్లు లాగితే అటువాళ్లు ముందుకు తూలాలి. అందరి మనసులో ఒకే తాడు లేకపోతే ఆట సాగదు. ఎదుటివాడి చేతులూ భుజాలూ కళ్లూ గమనించక తప్పదు. సామాజిక రంగంలోకి వెళ్లాలనుకునే యువతకు ఇంతకన్నా మంచి తొలిపాఠం నాకు కనిపించలేదు. ఇంటర్న్‌షిప్ ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ సంగతి తర్వాత, జనం మధ్య పని ఎంతుందో ముందు అడగండి.

తన పద్ధతిని స్పోలిన్ 1963లో పుస్తకంగా తెచ్చారు. తరగతి గదిలో ఆడించుకునేలా టీచర్ల కోసం 1986లో మరొకటి రాశారు.