గ్రీకు మెట్లు, విజయనగరం తీగ

గ్రీకు సంగీతశాస్త్రంలో స్వరాల మధ్య ఎడాలకున్న పేర్లు ఇంగ్లీషులోకి వెళ్ళి ఏమయ్యాయో చెప్పమన్నారు. నేను విజయనగరం మీదుగా వెళ్తాను. మా వైపు వాళ్ళకి ఏ ఊరికైనా దారి అదే!

1919లో అక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. వయొలిన్ నేర్పింది ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ వయొలిన్ తీగ ఒక్కటి చాలు మనకి. తీగని షడ్జానికి శ్రుతి చేసి సరిగ్గా సగంలో నొక్కితే తారషడ్జం. మూడోవంతు దగ్గర నొక్కితే పంచమం, నాలుగోవంతు దగ్గర మధ్యమం. పైథాగరస్ పేరున చెలామణీ అయ్యే 2:1, 3:2, 4:3 లెక్క ఇదే.

గ్రీకులు వీటిని డయాపాసోన్, డయాపెంటె, డయాటెస్సరోన్ అన్నారు. అన్నిటి మీదుగా, ఐదింటి మీదుగా, నాలుగింటి మీదుగా అని. తీగల మీద చెయ్యి నడిచిన పేర్లు! లాటిన్ దాటి ఇంగ్లీషుకొచ్చేసరికి ఆక్టేవ్, ఫిఫ్త్, ఫోర్త్ అయ్యాయి. అంకె మిగిలింది, నడక పోయింది. పైగా నాలుగూ ఐదూ కలిస్తే ఎనిమిదట. మధ్య మెట్టుని రెండుసార్లు లెక్కపెట్టే ఈ చిక్కు గ్రీకుల నాటిదే. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఇందులో పడలేదు. సంవాదానికి, అంటే రెండు స్వరాలు పొసగడానికి, మధ్య 9 శ్రుతులు (మన ఫోర్త్), లేదా 13 శ్రుతులు (ఫిఫ్త్) అన్నాడు. కూడండి, 22. స్థాయి నిండిపోయింది. ఆయన కొలిచింది మెట్లని కాదు, ఎడాన్ని.

అందుకే ఫోర్త్‌ని 'నాలుగవది' అని తెలుగు చేస్తే నాకు నచ్చదు. 'మధ్యమం' అన్నా చాలదు, అది స్వరం పేరు. మన విద్వాంసులు వాడే 'షడ్జ మధ్యమ భావం' ఉండగా కొత్తమాట ఎందుకు? నారాయణదాసుగారు ఉమర్ ఖయ్యాంని తెలుగులోకి తెచ్చినప్పుడు ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు అనువాదంతో సరిపెట్టుకోలేదు, పారశీక మూలం దాకా వెళ్ళారు. మనం గ్రీకు దాకా వెళ్ళలేమా?

లెయిమ్మా అనే మరో గ్రీకు ఎడం చూడండి. షడ్జానికీ చతుశ్శ్రుతి రిషభానికీ ఉన్న ఎడం 9:8. మధ్యమం దాకా ఉన్న దూరంలోంచి అలాంటివి రెండు తీసేస్తే మిగిలేది 256:243. లెయిమ్మా అంటే మిగిలినదే. ఇంగ్లీషు పుస్తకాలు చాలావరకు ఆ మాటని అలాగే ఉంచేశాయి. మనం హాయిగా 'మిగులు' అనొచ్చు.

ఇక కొమ్మా. 12 పంచమాలు వరసగా ఎక్కితే 7 స్థాయిలని రవ్వంత దాటిపోతాం. ఆ రవ్వంతకే ఆ పేరు. గ్రీకులో నరికిన ముక్క అని అర్థం. ఇంగ్లీషులో కామా అయింది. అలాగే రాస్తే మన పాఠకుడు విరామచిహ్నం అనుకుంటాడు, కొమ్మా అని రాస్తే ఏకంగా చెట్టెక్కేస్తాడు. నేనైతే 'తునక' అని రాస్తున్నాను. ఒప్పుకోనివాళ్ళు మైకు తెరవండి.