పట్టణముల పెరుగుదల – మన తీరవాసుల స్థితి
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

రాష్ట్రమున శీఘ్రముగా వృద్ధిపొందుచున్న పట్టణములనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వలలు, పడవలు, వసతిగృహములు, వివాహవ్యయములు చర్చింపవలసిన కులసభలో పట్టణపు జనసంఖ్యతో మనకేమి పని యని ముందువరుసలోని పెద్దలు కొందరు చిరునవ్వు నవ్వుట నేను చూచితిని. వారి నవ్వు నాకు సమ్మతమే. కాని యీ తీరముననే, మూలపేటయొద్ద, ఓడరేవునకు 2023 ఏప్రిల్ 19వ తేదీని శంకుస్థాపన జరిగినది. మొదట భావనపాడు పేరిట తలపెట్టిన రేవే యిది. నాలుగు బెర్తులు, ఏటికి 2 కోట్ల 35 లక్షల టన్నుల సరకు దిగుమతి, ఎగుమతి చేయగల శక్తి దీనికి మొదటి దశయందు నిర్ణయించిరి. రేవు పుట్టినచోట ఊరు పెరుగునందురు. ఆ పెరుగుట యెట్లుండునో, పెరిగిన యూరిలో మన చోటెక్కడనో ముందుగా తెలిసికొనుట మంచిది గదా!

ఊళ్లు పెరుగుటకు మూడు దారులు గలవు. ఊరిలో పుట్టువారు చచ్చువారికంటె హెచ్చగుట యొకటి. బయటివారు వచ్చి చేరుట రెండవది. ఇక మూడవదానిని సామాన్యముగా నెవ్వరును గమనింపరు. అది మనుష్యులు కదలకుండ ఎల్లలు కదలుట. విశాఖపట్టణమునే చూడుడు. 2001 జనగణనలో ఆ నగరమున పదిలక్షలకు కొంచెము తక్కువ జనముండిరి. 2011లో 17 లక్షల 28 వేలైరి. పదియేండ్లలో ఏడులక్షల జనము మూటముల్లెలతో రైలు దిగలేదు. 2005లో గాజువాక పురపాలక సంఘమును, చుట్టునున్న 32 గ్రామములను నగరములో కలిపి మహానగరపాలక సంస్థ యేర్పరచిరి. నిన్న పల్లెవాడుగ పరుండినవాడు నేడు నగరవాసిగ లేచినాడు. 2007లో హైదరాబాదు చుట్టునున్న 12 పురపాలక సంఘములను కలిపి గ్రేటర్ హైదరాబాదు చేసినప్పుడును ఇదియే జరిగినది. కావున "ఫలాని పట్టణము రాష్ట్రమునకెల్ల శీఘ్రముగా పెరిగినది" అని పత్రికలో చదివినపుడు, పెరిగినది జనమా, ఎల్లయా యని యొకసారి యడుగవలెను.

ఇంకొక విచిత్రము గలదు. పంచాయతీగానే యుండియు జనగణనవారి దృష్టిలో పట్టణమగు నూళ్లున్నవి. ఐదువేల జనము, చదరపు కిలోమీటరునకు నాలుగు వందలమంది, పనిచేయు మగవారిలో నూటికి డెబ్బదియైదుగురు వ్యవసాయేతర వృత్తులలో నుండుట, ఈ మూడును గలిగిన గ్రామమును వారు జనగణన పట్టణమని పిలుతురు. అవిభక్త ఆంధ్రప్రదేశమున 2001లో మొత్తము పట్టణములు 210. 2011 నాటికి 353. పెరిగినవానిలో పురపాలక సంఘములు ఎనిమిదియే. తక్కినవి పేరునకు పట్టణములు, పాలనకు పల్లెలు. దీపములు, మురుగుకాలువలు, మంచినీళ్లు పల్లెవలె నుండగా, భూమిధర మాత్రము పట్టణమువలె నుండును. మన టెక్కలి ఆ జాతిలోనిదే. 2011లో దాని జనసంఖ్య 28,631.

అదే సంవత్సరమున పలాస-కాశీబుగ్గ పురమున 57,507మంది, ఇచ్ఛాపురమున 36,493మంది యుండిరి. పలాస యెట్లు పెరిగినదో మీ రెఱుగుదురు. రైలుమార్గము వచ్చినది, యింజనులకు, సిబ్బందికి అది మజిలీ అయినది, ఉద్దానపు జీడితోటల పంట అచటికి చేరినది. 1940లో అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగినదన్నచో ఆనాటికే అది నలుగురు చేరుట కనువైన చోటని తెలియుచున్నది. నేడచట జీడిపిక్కల కార్ఖానాలు వందలకొలది గలవు; తోటల పంట చాలక ఆఫ్రికా ఖండమునుండి పిక్కలు తెప్పించుచున్నారు. పిక్కలు కొట్టి పొట్టుతీయు తల్లుల చేతివ్రేళ్లు జీడిరసమునకు కాలి నల్లబడియుండును. ఆ వ్రేళ్లమీద ఒక పురము నిలిచినది. అయినను దానిని తక్కువగ నెంచను. ఇంటిలోని స్త్రీకి చేతికి రూకలు వచ్చు పని యీ ప్రాంతమున మఱి యేది యున్నది?

రేవో, రైలో యున్నంతమాత్రమున పట్టణమగునని నమ్మరాదు. మన నౌపడను చూడుడు. పెద్దరైలు మార్గముమీది స్టేషను. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు అచటనుండియే బయలుదేరెడిది, 1931లో అది గుణుపురమువరకు సాగినది. ఉప్పుమళ్లా, దేశప్రసిద్ధములు. జంక్షనున్నది, సరకున్నది, సముద్రము చెంతనున్నది. ఐనను నౌపడ పట్టణము కాలేదు. ఉప్పు మూటలకెత్తి పోయినది. లాభము మూటతోనే పోయినది. కళింగపట్టణము, బారువ, భీమునిపట్టణము ఒకప్పుడు ఓడలు లంగరువేసిన రేవులే. భీమునిపట్టణము 1861లోనే పురపాలక సంఘమైనది. రైలుమార్గము పడి, 1933లో విశాఖపట్టణపు రేవు తెఱచినపిదప వీని వర్తకము క్షీణించినది. పేరుచివర పట్టణమను మాటయున్నంత మాత్రమున పట్టణము నిలువదు గదా!

విశాఖ సంగతియే మఱికొంత చెప్పెదను. 1901లో అచట నలుబది వేలకు కొంచెము పైగా జనముండిరి. రేవునకు పూర్వము, 1931లో, 57 వేలు. 1941లో 70 వేలు. ఆ సంవత్సరముననే ఓడలు కట్టు కర్మాగారమునకు పునాది పడినది. 1951లో లక్షకు మించిరి. పిమ్మట తైలశుద్ధి కర్మాగారము, ఉక్కుకర్మాగారము వచ్చినవి. ఈ వృద్ధికి మొదటి మూలము సముద్రము. ఆ సముద్రపుటొడ్డున అందఱికంటె ముందున్నవారు మనవారు. నేడు జాలరిపేటల చుట్టు మేడలు లేచినవి. పేటలు మాత్రము ఇఱుకుసందులుగనే మిగిలినవి. గంగవరమున రేవు కట్టినపుడు దిబ్బపాలెపువారు ఊరే విడిచిపోవలసివచ్చినది. నేను రేవులను నిందించుట లేదు. నగరము పెరిగిన వేగమున మన పిల్లల చదువు పెరుగలేదనుచున్నాను.

ఈ సందర్భమున నా స్వానుభవ మొకటి మనవి చేసెదను. చదువు ముగించిన క్రొత్తలో ఒక నగరమున సరకు రవాణా చేయు కచ్చేరీకి గుమాస్తాపని నిమిత్తము పోయితిని. అచటి పెద్దమనిషి నా కాగితములు చూచి, ఊరడిగి, కులమడిగి, మిక్కిలి మర్యాదగానే యిట్లనెను: "మీవారు నీళ్లలో దిగు పనికి బహు నేర్పరులు. ఆ పనియున్నది, చేరెదవా?" నేను చేరలేదు. చేరియుంటిననియు సిగ్గుపడనక్కరలేదు. కాని నాతోడ వచ్చిన నలుగురిలో ముగ్గురు చేరిరి, కుర్చీలో కూర్చుండు పనికి మాత్రము వేఱొక జిల్లావాడు కుదిరెను. ఆనాటినుండి రేవు అను మాట విన్నప్పుడెల్ల బల్లకు అవతలివాడెవ్వడు, ఇవతలివాడెవ్వడు అను ప్రశ్న నన్ను విడువకున్నది.

మన తాతలు ఇంతకంటె పెద్ద పట్టణమును పెంచిరి. అది రంగము. 1931 జనగణనలో రంగముపట్టణపు జనము నాలుగు లక్షలు. అందు సగమునకు మించి భారతీయులు. రేవులో మూటలు మోసినవారిలో తెలుగువారు, అందును గంజాము, విశాఖ, గోదావరి తీరములవారు, మెండు. మా యింటిలో మా తాతగారి యన్నగారు తెచ్చిన బర్మా టేకు పెట్టె యింకను గలదు; ఆయన పాడిన పడవపాటల కంటె ఆయన చెప్పిన 1930 మే నెల సంగతులే మా నాయనగారికి బాగుగా జ్ఞాపకముండెడివి. తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మెచేసిరి. వారి చోట బర్మావారిని పెట్టిరి. సమ్మె ముగిసి మనవారిని మరల తీసికొనగా ఆ యిరువురు పేదల నడుమ కత్తులు లేచినవి. అనేకులు హతులైరి. 1941 డిసెంబరులో జపాను విమానములు బాంబులు వేసినపిదప, 1942లో లక్షలకొలది జనము అడవులగుండ, కొండలగుండ కాలినడకను స్వదేశము చేరిరి. చేరనివారు దారిలోనే నిలిచిరి. వారు కట్టిన నగరమున వారికి గజము నేల లేదు.

ఇక నేటి మన వలసకు వత్తును. మన జిల్లాకు 193 కిలోమీటర్ల తీరమున్నది. రాష్ట్రమున మఱి యే జిల్లాకును అంత లేదు. ఐనను మన పడుచువాండ్రు గుజరాతుననున్న వెరావలు రేవునకు పోయి పరుల పడవలపై వేట చేయుచున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపముననే తీరము దాటి, తరముల నాటి కొబ్బరిచెట్లను, జీడిచెట్లను పడగొట్టినపిదప తోటలను నమ్మినవారును వలసబాట పట్టిరి. ఆ మఱుసటి నెలయందే వెరావలు పడవలపైనుండిన మనవారు ఇరువదిమందికి పైగా పాకిస్తానువారి చేజిక్కిరి. అందు ఇరువదిమంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దున విడుదలయిరి. ఆ పదునాలుగు నెలలు ఆ గడపలలో దీపము వెలిగిన తీరు ఈ సభలోని తల్లులలో కొందరికి తెలియును. ఉద్దానమున మూత్రపిండ వ్యాధి కుటుంబములకు కుటుంబములను క్రుంగదీసినది, 2023 డిసెంబరున పలాసలో దానికై పరిశోధనాకేంద్రము, రెండువందల పడకల ఆసుపత్రి తెఱచిరి, ఆలస్యముగనైనను వచ్చినది.

శ్రీకాకుళము జిల్లా జనసంఖ్య 2001 నుండి 2011 వఱకు నూటికి ఆఱున్నర మాత్రమే పెరిగినది. రాష్ట్రము నూటికి పదునొకండు పెరిగినది. జిల్లాలో వేయిమంది మగవారికి 1,015 మంది స్త్రీలు లెక్కకు వచ్చిరి. ఈ యంకెలకు కారణములు పెక్కు గలవు; వలస యందు ముఖ్యమైనది. నేను గమనించిన యొక చిన్న సంగతి పెద్దలముందుంచెదను. 2011 జనగణన ఫిబ్రవరి 9 నుండి 28 వఱకు జరిగినది. ఆ దినములలో మొదటినుండి తుదివఱకు ఇంట లేనివానిని ఆ యింట లెక్కింపరు, అతడున్నచోట లెక్కింపవలెను. ఫిబ్రవరి యన వెరావలున వేటకాలము. మనవాడు అపుడు సముద్రముమీద నుండును. ఇంట లేడు, గుజరాతున అతనికి ఇల్లే లేదు, పడవయే యిల్లు. ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కింతురు. ఆ రాత్రి పడవ రేవున నుండెనా, నడిసంద్రమున నుండెనా, ఎవ్వరు చెప్పగలరు? మా పెదతల్లి కుమారుని సంగతి నేనడిగితిని. "నన్నెవ్వరును లెక్కపెట్టలే"దని నవ్వుచు చెప్పినాడు. నాకు నవ్వు రాలేదు.

2021లో జరుగవలసిన జనగణన జరుగనేలేదు. 2025లో ప్రభుత్వము ప్రకటించిన ప్రకారము 2027 మార్చి 1వ తేదీని ఆధారదినముగ నిర్ణయించిరి. అనగా మరల ఫిబ్రవరియే. అంతియకాదు, ఈ పర్యాయము ప్రతిమనిషి కులమును వ్రాయుదురు. అన్ని కులముల లెక్క 1931 జనగణన తరువాత పూర్తిగ ప్రకటింపబడలేదు. తొంబదియాఱేండ్ల పిమ్మట వచ్చు నవకాశమిది. మనము ప్రతియేట ఈ సభలో వసతిగృహములకై, విద్యార్థి వేతనములకై తీర్మానములు చేయుచున్నాము. మీరెందఱని అడిగినచో ఊహించి చెప్పుచున్నాము. ఆ యూహను తీసివేయు సమయమున మన మగవారు అరేబియా సముద్రముననుందురు.

రేవుసంగతి తుదకు చెప్పి విరమింతును. మూలపేట, విష్ణుచక్రము గ్రామములవారికి నౌపడయొద్ద పునరావాసము నిర్ణయించిరి. రేవు పనిలోనికి వచ్చినచో ఈ సంతబొమ్మాళి, నౌపడ, టెక్కలి దారి పొడవునను ఇండ్లు, గిడ్డంగులు, పూటకూళ్లిండ్లు లేచును. ఎల్ల మారును, పేరు మారును. నేడు మనకిచ్చిన చోటు అపుడు నడిబజారగును. కావుననే ఇంటిస్థలము పట్టా చేతికి వచ్చినవారిని నేను చేతులెత్తి వేడుకొనుచున్నాను. పెండ్లికని, పడవయింజనుకని అమ్ముకొనవలదు. అప్పు తప్పనిసరియైనచో సంఘమునొద్దకు రండు; మన పోషకులలో ఇరువురు అట్టివారికై కొంత ధనము విడిగా నుంచుటకు నిన్నరాత్రి నాతో నంగీకరించిరి. వారి పేర్లు చెప్పవలదనిరి గాన చెప్పను. సముద్రమునకు దూరముగ నివసించి వేట చేయవలసినవారికి పడవలు నిలుపుకొను రేవుమూల యొకటి కావలెనని సర్కారువారికి అర్జీ సిద్ధమైయున్నది. 2010లో సోంపేటలోను, 2011లో కాకరాపల్లిలోను విద్యుత్కేంద్రముల విషయమున జరిగిన ప్రాణనష్టమును మనము మరచిపోలేదు, కాన యిది మొదటినుండియు కాగితముమీదనే, నిదానముగానే నడుపవలెనని నా మనవి. రేవుపనికి తగిన యంత్రవిద్యలు, లెక్కలు, కస్టమ్స్ కాగితములు నేర్పు చదువునకు ఈ యేడు పదుగురు పిల్లలనైనను పంపుటకు వసతిగృహ సంఘమువా రాలోచింపవలెను. పదుగురు చాలరని నాకును తెలియును.

సభ ముగిసినపిదప కార్యదర్శిగారి బల్లమీద ఒక నోటుపుస్తకముండును. మీ యింటినుండి వెరావలు, పారాదీపు, చెన్నపట్టణము మొదలగు రేవులకు పోయినవాని పేరు, వయస్సు, పడవ పేరు, ఫోను సంఖ్య అందు వ్రాయించుడు. వ్రాతరానివారికి మా వసతిగృహపు పిల్లలు వ్రాసిపెట్టుదురు. ఫిబ్రవరికి ముందు ఇరువురు కార్యకర్తలు వెరావలు పోయి అచటి గణకులను కలిసికొనుటకు రైలుఖర్చులు సంఘము భరించును. పుస్తకము సాయంకాలము ఆఱుగంటలవఱకే యుండును. దూరపు బస్సునకు పోవలసినవారు ముందుగా వ్రాయింపుడు.